బోర్డు మీద షార్ట్ ఎక్కడుంది?

పిన్ను గుచ్చగానే అడాప్టర్ మీదున్న చిన్న లైటు ఆరిపోతుంది. తీస్తే మళ్లీ వెలుగుతుంది. లాప్‌టాప్‌లు బాగుచేసేవాళ్లకు ఈ లక్షణం కనబడితే ఇక అడగాల్సిందేమీ ఉండదు. బోర్డులో అడాప్టర్ నుంచి వచ్చే 19 వోల్టుల లైను ఎక్కడో గ్రౌండ్‌తో, అంటే మైనస్ వైపుతో, కలిసిపోయింది, అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి చేతులెత్తేసింది. బోర్డు విప్పి, మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో పెట్టి, ఆ లైను మీదున్న ఒక కెపాసిటర్‌కు ప్రోబులు ఆనిస్తే బీప్ వస్తుంది. దొంగ దొరికాడనుకుని పక్క కెపాసిటర్ మీద పెట్టి చూస్తే అదీ మోగుతుంది. దాని పక్కదీ మోగుతుంది. బోర్డు తిప్పితే వెనకవైపున్నవీ మోగుతాయి. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు ఇక్కడే హాట్ ఎయిర్ (సోల్డర్ కరిగించే వేడిగాలి పరికరం) అందుకుని ఒక్కొక్కటీ పీకడం మొదలుపెడతారు.

పీకుతూ పోతే ఎప్పటికో దొరుకుతుంది, కాదనను. ఈలోగా ప్యాడ్లు (భాగాలు అతికే రాగి చుక్కలు) లేచిపోతాయి, ఏది ఎక్కడినుంచి వచ్చిందో కలగాపులగమవుతుంది, పక్కనున్న మంచి ఐసీ (చిప్) వేడికి చస్తుంది. అసలు మీటరు ఎందుకు అన్నిచోట్లా మోగిందో ఒక్క నిమిషం ఆలోచిస్తే ఈ పీకుడు అక్కర్లేదు.

ఒక పవర్ లైను మీద పదుల కొద్దీ, ఒక్కోసారి వంద దాటి కెపాసిటర్లుంటాయి. అన్నిటికీ ఒక కాలు లైనులో, ఇంకో కాలు గ్రౌండ్‌లో. ఒక్కటి షార్ట్ అయితే లైను మొత్తం గ్రౌండ్‌కు అతుక్కుంటుంది. మీటరు చూసేది ఆ రెండు చివరల మధ్య రెసిస్టెన్సునే కాబట్టి, దాని లెక్కలో ఆ వంద కెపాసిటర్లూ ఒకే చోట ఉన్నట్టు. షార్ట్ ఉందో లేదో చెప్పడానికి రెసిస్టెన్సు చాలు. ఎక్కడుందో చెప్పాలంటే మాత్రం కరెంటు పారించాలి. కరెంటు పారినప్పుడే ఆ వందలో ఒక్కటి వేడెక్కుతుంది, రాగి ట్రాకుల మీద ఆ చోటు వైపు వోల్టేజి తగ్గుతూ పోతుంది. ఆల్కహాల్ నుంచి థర్మల్ కెమెరా దాకా ఈ పనిలో వాడే పద్ధతులన్నీ ఈ రెండు సంగతుల్ని చూడటానికి పుట్టినవే.

అసలు షార్టేనా?

ముందు ఆ బీప్‌నే అనుమానించాలి. చాలా మీటర్లలో బజరు 30 నుంచి 50 ఓమ్‌ల లోపు ఏది తగిలినా మోగుతుంది. మంచి బోర్డులో కూడా ప్రాసెసర్ కోర్ లైను కొద్ది ఓమ్‌లే చూపిస్తుంది. పెద్ద గ్రాఫిక్స్ చిప్ కోర్ లైనైతే ఒక ఓమ్‌కు లోపే ఉండొచ్చు, అయినా దానికి జబ్బేమీ లేదు. 1 వోల్టు దగ్గర 100 ఆంపియర్లు లాగే చిప్ పనిలో ఉన్నప్పుడు 0.01 ఓమ్ లోడు కిందే లెక్క, కాబట్టి ఇందులో వింత లేదు. అలాంటి లైను మీద బీప్ విని ‘చిప్ పోయింది, బోర్డు మార్చాలి’ అని చెప్పడం కస్టమర్‌కు చేసే అన్యాయం.

అందుకే బజరు మానేసి ఓమ్‌ల రేంజిలో అంకె చదవాలి. బ్యాటరీ, అడాప్టర్, బటన్ సెల్ అన్నీ తీసేసి ఉండాలి. రెండు ప్రోబుల మొనలు ఒకదానికొకటి ఆనించి తీగల సొంత రెసిస్టెన్సు ఎంతో చూసుకుని, వచ్చిన అంకెలోంచి దాన్ని తీసేయాలి. అది 0.2 ఓమ్ దాకా ఉండటం మామూలే. అంకె మెల్లగా పైకి పాకుతుంటే కెపాసిటర్లు ఛార్జవుతున్నాయని అర్థం. షార్ట్ లైనులో అంకె కదలకుండా కూర్చుంటుంది.

మొబైల్ మెకానిక్కులు ఓమ్‌ల కన్నా డయోడ్ మోడ్‌నే (మీటరు కాస్త కరెంటు పంపి, ఎన్ని వోల్టులు తగ్గాయో చూపించే రేంజి) నమ్ముతారు. ఎర్ర ప్రోబు గ్రౌండ్‌కు, నల్లది లైనుకు పెడితే ఐసీ లోపలి డయోడ్ల గుండా 0.3, 0.4 వోల్టుల లాంటి అంకె వస్తుంది. సున్నా వస్తే ‘ఫుల్ షార్ట్’. సాటి బోర్డులో వచ్చే అంకె కన్నా బాగా తక్కువొస్తే ‘హాఫ్ షార్ట్’. హైదరాబాద్ జగదీష్ మార్కెట్ లాంటి చోట్ల మెకానిక్కులు పాత బోర్డులు పారేయకపోవడానికి విడిభాగాలొక్కటే కారణం కాదు, పోల్చి చూసుకోవడానికీ అవి కావాలి.

ఎవరిమీద అనుమానం?

కరెంటు పెట్టకముందే కళ్లతో చూడాలి. భూతద్దం కింద కాలిన మచ్చ, పచ్చగా పట్టిన చిలుము, పగిలిన ఐసీ మూల కనబడితే సగం పని అక్కడే అయిపోతుంది. కనబడకపోతే, ఏ భాగం ఎలా చస్తుందో తెలిసుండటం అక్కరకొస్తుంది.

రెసిస్టర్ చచ్చేటప్పుడు ఎక్కువగా ఓపెన్ అవుతుంది, అంటే దారి తెగుతుంది, షార్ట్ కాదు. అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎండిపోతుంది, ఉబ్బుతుంది, శక్తి తగ్గుతుంది. షార్ట్ కావడం అరుదు. గోధుమరంగు సెరామిక్ కెపాసిటర్ మాత్రం షార్ట్‌కు పెట్టింది పేరు. ఒక మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పుండే 0402 సైజులో కూడా లోపల పలచని లోహపు పొరలూ బేరియం టైటనేట్ పొరలూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. బోర్డు కాస్త వంగినా, కింద పడినా, స్క్రూ బలంగా బిగించినా సోల్డర్ అంచు నుంచి ఏటవాలుగా పగులు పోతుంది. పైకి ఏమీ కనబడదు. కొన్నాళ్లకు తేమ ఆ పగుల్లోకి దిగి, పొరకూ పొరకూ దారి ఏర్పడుతుంది. అందుకే స్క్రూ రంధ్రాల పక్కన, కనెక్టర్ల దగ్గర, బోర్డు అంచుల్లో ఉన్నవాటిని ముందు చూస్తాను.

టాంటలమ్ కెపాసిటర్ కూడా షార్ట్ అయ్యే రకమే, పైగా మంటతో పోవచ్చు. దాని మీద గీత ప్లస్ వైపు ఉంటుంది, అల్యూమినియం దాని మీద మైనస్ వైపు. ఈ తిరకాసు పెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, తిరగేసి వేసినవాళ్లకు లెక్కలేదు. ఛార్జింగ్ జాక్ దగ్గరుండే టీవీఎస్ డయోడ్ ఎక్కువ వోల్టేజి వచ్చినప్పుడు తాను షార్ట్ అయి మిగతా బోర్డును కాపాడుతుంది. దాన్ని పీకేస్తే బోర్డు పనిచేస్తుంది, అయితే ఇకముందు కాపాడేవాళ్లుండరు. ఇక మిగిలింది మాస్‌ఫెట్, అంటే స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్. దాని కథ విడిగా చెప్పాలి, ఎందుకంటే ఖరీదైన తప్పులు జరిగేది అక్కడే.

లాప్‌టాప్‌లో 19 వోల్టుల నుంచి 5, 3.3, ప్రాసెసర్‌కు కావాల్సిన 1 వోల్టు చేసే సర్క్యూట్‌లలో రెండేసి మాస్‌ఫెట్‌లుంటాయి. పై మాస్‌ఫెట్ 19 వోల్టులకు, కింది మాస్‌ఫెట్ గ్రౌండ్‌కు, రెండూ కలిసే చోట ఒక కాయిల్. కాయిల్ అవతల ప్రాసెసర్. కాయిల్ రెసిస్టెన్సు దాదాపు సున్నా కాబట్టి మీటరుకు రెండు చివరలూ ఒకటే. ఇప్పుడు పై మాస్‌ఫెట్ షార్ట్ అయిందనుకుందాం. 19 వోల్టుల లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య మీటరు పెడితే రెండు మూడు ఓమ్‌లు చూపిస్తుంది. ఆ లైనులో కెపాసిటర్ ఏదో పోయిందని అనిపిస్తుంది. నిజానికి మీటరు చదువుతున్నది మాస్‌ఫెట్, కాయిల్ దాటి అవతలున్న ప్రాసెసర్ సొంత రెసిస్టెన్సును. ఇది తెలియక, డీసీ సప్లై 19 వోల్టులకు తిప్పి లైనులోకి కరెంటు వదిలితే, 1 వోల్టు తినే ప్రాసెసర్ నోట్లో 19 వోల్టులు పోసినట్టే. అప్పటిదాకా వంద రూపాయల మాస్‌ఫెట్‌తో పోయే పని, బోర్డు ఖరీదుకు చేరుతుంది.

కాబట్టి కరెంటు వదలకముందు ఒక ప్రోబు 19 వోల్టుల లైనులో ఉంచి, రెండోదాన్ని ప్రతి కాయిల్‌కూ ఆనించి చూడాలి. లైను, గ్రౌండ్ మధ్య షార్ట్ ఉన్నప్పుడు కాయిల్ వైపు చదివే అంకెలోనూ ఆ గ్రౌండ్ కలిసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. మిగతా కాయిల్స్‌తో పోలిస్తే ఒక్కచోటే అంకె సున్నాకు దగ్గరగా పడితే, దాని పై మాస్‌ఫెట్‌ను ముందు తీసి విడిగా చూడాలి.

కాయిల్‌తో ఇంకో ఉపయోగముంది. షార్ట్ 5 వోల్టుల లైనులో ఉంటే, కాయిల్ ఎత్తేసి రెండు ప్యాడ్లనూ విడివిడిగా కొలిస్తే లోపం తయారుచేసే వైపుందా, వాడుకునే వైపుందా తేలిపోతుంది. ఫ్యూజులు, జీరో ఓమ్ రెసిస్టర్లు, ఫెరైట్ బీడ్లు కూడా ఇలాగే లైనును ముక్కలుగా విడగొట్టే తలుపులు. స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ పటం) చేతిలో ఉంటే ఈ తలుపులు ఎక్కడున్నాయో చూసుకుని, వందను ఇరవైకి తగ్గించుకోవచ్చు.

కరెంటు వదలడం

దీన్నే మెకానిక్కులు ‘వోల్టేజి ఇంజెక్షన్’ అంటారు. డీసీ సప్లై మైనస్ తీగ గ్రౌండ్‌కు, ప్లస్ తీగ షార్ట్ అయిన లైనుకు అతికించి, వోల్టేజి తక్కువలో, కరెంటు పరిమితి పెట్టి వదలడం. ప్లస్, మైనస్ తారుమారైతే మాస్‌ఫెట్‌లలోనూ ఐసీలలోనూ ఉన్న డయోడ్లన్నీ తెరుచుకుని మంచివన్నీ వేడెక్కుతాయి.

ఎన్ని వోల్టులు? ఎన్ని ఆంపియర్లు? ‘1 వోల్టు, 5 ఆంపియర్లు’ అని ఒక మంత్రం చలామణిలో ఉంది. మొదలుపెట్టడానికి మంచిదే, కానీ షార్ట్ ఎన్ని ఓమ్‌లదో చూడకుండా జపిస్తే ఫలితముండదు. మూడు లెక్కలు వేసి చూద్దాం.

షార్ట్ 0.4 ఓమ్ అనుకుందాం. 1 వోల్టు పెడితే 2.5 ఆంపియర్లు పారతాయి, అక్కడ 2.5 వాట్ల వేడి పుడుతుంది. మిల్లీమీటరు సైజు కెపాసిటర్‌కు అది కొద్ది సెకన్లలో వేలు పెట్టలేనంత వేడి. ఇది సులువైన కేసు.

షార్ట్ 20 ఓమ్‌లైతే? అదే 1 వోల్టుకు 0.05 ఆంపియరే పారుతుంది, వేడి 0.05 వాట్. ఏమీ కనబడదు. అదే 5 వోల్టులు పెడితే వేడి 1.25 వాట్లకు పెరుగుతుంది. అయితే పెంచే వోల్టేజి ఆ లైను మామూలుగా నడిచే వోల్టేజిని ఎప్పుడూ దాటకూడదు. 19 వోల్టుల లైనుకు 5 పెట్టొచ్చు, పై మాస్‌ఫెట్‌లు బాగున్నాయని తేల్చుకున్నాకే. 1.8 వోల్టుల లైనుకు 5 పెడితే షార్ట్ తెగిన క్షణంలోనే దాని మీదున్న చిప్‌లన్నీ పోతాయి.

మూడోది మొండి కేసు: 0.02 ఓమ్. సప్లై నుంచి బోర్డు దాకా తీగలూ క్లిప్పులూ కలిపి 0.1 ఓమ్ ఉన్నాయనుకుంటే, 1 వోల్టుకు 8 ఆంపియర్లు పారాలి, కానీ సప్లై 5 దగ్గర ఆపుతుంది. షార్ట్ దగ్గర అర వాట్, తీగల్లో రెండున్నర వాట్లు. వెతుకుతున్న కెపాసిటర్ కన్నా మన తీగలు ఐదు రెట్లు వేడి తింటున్నాయన్నమాట. ఇక్కడ పొట్టిగా, లావుగా ఉన్న తీగల్ని నేరుగా బోర్డుకు సోల్డర్ చేయడం వోల్టేజి పెంచడం కన్నా మేలు.

టీవీ మెకానిక్కుల సీరీస్ బల్బు కూడా ఇదే ఆలోచన. 100 వాట్ల ఫిలమెంట్ బల్బును మెయిన్స్‌తో (ఇంటి కరెంటుతో) సీరీస్‌లో పెట్టి సెట్టు పవర్ సప్లైకి కరెంటు ఇస్తే, లోపల ఎంత షార్ట్ ఉన్నా 0.43 ఆంపియర్లు దాటి నిలకడగా పారదు. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే మెయిన్ కెపాసిటర్ ఛార్జయిందని, నిండుగా వెలుగుతూ ఉండిపోతే బ్రిడ్జి డయోడ్లలోనో స్విచింగ్ మాస్‌ఫెట్‌లోనో షార్ట్ ఉందని అర్థం. ఎల్‌ఈడీ బల్బుతో ఈ పని జరగదు. ఒక హెచ్చరిక: ఆ మెయిన్ కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా నిలిచి ఉండొచ్చు. ఇంతవరకు చెప్పిన లాప్‌టాప్, మొబైల్ పద్ధతులేవీ మెయిన్స్ వైపు నేరుగా వాడేవి కావు.

వేడిని చూడటం

కరెంటు పారుతోంది, ఎక్కడో వేడెక్కుతోంది. దాన్ని కంటికి కనబడేలా చేయడానికి అన్నిటికన్నా చవకైన సాధనం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మన మెకానిక్కులు పిలిచే ఐపీఏ. బోర్డు మీద కుంచెతో పలచగా తడిపి సప్లై ఆన్ చేస్తే, వేడి చోట ముందుగా ఆరిపోతుంది. 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే ద్రవం కాబట్టి బాగా వేడెక్కితే బుడగలే వస్తాయి. మండే ద్రవం కాబట్టి పక్కన హాట్ ఎయిర్ నడుస్తూ ఉండకూడదు.

రోజిన్ (సోల్డరింగ్‌లో వాడే చెట్టు బంక) పద్ధతి ఇంకా సున్నితమైనది. సోల్డరింగ్ ఐరన్ మొనకు రోజిన్ తగిలిస్తే లేచే పొగను బోర్డు మీదికి పట్టిస్తే భాగాలన్నీ తెల్లటి పొర కప్పుకుంటాయి. కరెంటు వదిలితే వేడెక్కిన భాగం మీద ఆ తెలుపు కరిగి, దాని అసలు రంగు బయటపడుతుంది. ఫ్రీజ్ స్ప్రే కొడితే పట్టే మంచు కూడా ఇలాగే కరుగుతుంది. ఆరోగ్యం దృష్ట్యా రోజిన్ పొగ పీల్చకపోవడం మంచిది, కిటికీ తెరిచి చేయాలి.

థర్మల్ కెమెరా ఉంటే పని వేగంగా అవుతుంది. అయినా దాన్ని గుడ్డిగా నమ్మేవాళ్లను చూస్తే నాకు జాలి. మెరిసే లోహం తన వేడిని సరిగ్గా వెలువరించదు. సోల్డర్ దిమ్మ, ఐసీ మీది లోహపు కవచం నిజంగా వేడిగా ఉన్నా తెరమీద చల్లగా కనబడతాయి. అనుమానం వచ్చిన చోట వేడికి తట్టుకునే కాప్టన్ టేపు చిన్న ముక్క అతికిస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఇంకోటి, రాగి పొర వేడిని చుట్టూ చాలా త్వరగా పరుస్తుంది. పది సెకన్లు ఆగి చూస్తే అరచేతి వెడల్పు మచ్చ తప్ప ఏమీ తెలియదు. సప్లై ఆన్ చేసిన మొదటి క్షణమే చూడాలి, ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ ఆన్ చేసి చూడాలి.

వేడెక్కిందల్లా దోషి కాదు. లైను మధ్యలో ఉన్న ఫ్యూజు, కరెంటు కొలవడానికి పెట్టిన చిన్న రెసిస్టర్, సన్నటి ట్రాక్, ఇవన్నీ దారిలో ఉన్నందుకే వేడెక్కుతాయి. రెండు చోట్ల వేడి కనబడితే కరెంటు వదిలిన చోటికి దూరంగా, దారి చివర ఉన్నదాన్ని ముందు అనుమానించాలి. ఐసీ వేడెక్కితే అదే షార్టా, లేక దాని కడుపు కింద దాక్కున్న కెపాసిటరా అన్నది బోర్డు వెనక్కి తిప్పి చూస్తే గానీ తేలదు.

వేడి దొరకనప్పుడు

షార్ట్ మరీ గట్టిదై, వెడల్పాటి రాగి పొర మీద ఉంటే పైన చెప్పినవేవీ పనిచేయకపోవచ్చు. అప్పుడు వోల్టేజి చూడాలి.

పారుతున్న కాలువకు గండి పడితే నీటి మట్టం గండి దాకా దిగుతూ పోతుంది. గండి దాటాక పారుదల ఉండదు కాబట్టి మట్టం అక్కడినుంచి సమంగా ఉండిపోతుంది. ట్రాకులో వోల్టేజి అచ్చం ఇలాగే నడుస్తుంది. 35 మైక్రాన్ల మందమున్న రాగి ట్రాక్, 1 మిల్లీమీటరు వెడల్పుతో 10 మిల్లీమీటర్లు పొడవుంటే, దాని రెసిస్టెన్సు సుమారు 5 మిల్లీఓమ్‌లు. 1 ఆంపియరు పారిస్తే ఆ పది మిల్లీమీటర్లలో 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 0.1 మిల్లీవోల్టు చూపించగల మామూలు మీటరుకు అది పెద్ద అంకే.

కరెంటు పారుతుండగా మీటరును మిల్లీవోల్టుల రేంజిలో ఉంచి, ప్రతి కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య కొలుస్తూ పోవాలి. లైను వైపు వోల్టేజి షార్ట్ దగ్గరికి పోయేకొద్దీ దిగుతుంది, గ్రౌండ్ వైపు ఎక్కుతుంది, కాబట్టి రెండిటి మధ్య తేడా షార్ట్ దగ్గరే అన్నిటికన్నా తక్కువ. దాని అవతలి కొమ్మలోనూ అంతే అంకె వస్తుంటే, అంకె తగ్గడం ఎక్కడ ఆగిందో అక్కడ నిలబడాలి. కరెంటు మోసే తీగలు వేరు, కొలిచే ప్రోబులు వేరు కాబట్టి ప్రోబుల రెసిస్టెన్సు లెక్కలోకే రాదు. కెల్విన్ పేరుతో పిలిచే నాలుగు తీగల కొలత ఇదే. ఇందుకోసం ఖరీదైన పరికరం కొనక్కర్లేదని తెలిశాక కూడా చాలామంది ఈ పద్ధతి జోలికి పోరు, ఎందుకో నాకు అంతుపట్టదు.

కరెంటు దారిని వెంబడించే ఆలోచన కొత్తదేమీ కాదు. 1970లలోనే హ్యూలెట్ ప్యాకార్డ్ 547ఏ అనే కరెంట్ ట్రేసర్ అమ్మింది. పెన్నులాంటి ఆ పరికరాన్ని ట్రాక్ మీద పెడితే, అందులో కొట్టుకుంటున్న కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టి మొన దగ్గర బల్బు వెలుగుతుంది. వెలుగు ఎక్కడ ఆగితే కరెంటు అక్కడ గ్రౌండ్‌లోకి దిగిందన్నమాట.

వోల్టేజి తగ్గడం ప్రాసెసర్ కింద ఆగిందంటే, లేదా ఏ భాగమూ లేని ఖాళీ చోట బోర్డు లోపలి పొరల్లో ఆగిందంటే, కస్టమర్‌కు నిజం చెప్పాల్సిన సమయం వచ్చినట్టు. లోపలి పొరలు కాలి కలిసిపోయిన బోర్డును చెక్కి బాగుచేసినవాళ్లున్నారు. అందులో పోయిన డేటా కోసమైతే ఆ శ్రమకు అర్థముంది.

భాగం తీశాక

అనుమానితుణ్ని తీశాక రెండు కొలతలు తప్పనిసరి: తీసిన భాగం విడిగా ఎంత చూపిస్తోంది, బోర్డు లైను ఇప్పుడెంత చూపిస్తోంది. భాగం షార్ట్, లైను బాగు అయితే కేసు తేలింది. భాగం బాగుండి లైను కూడా బాగుపడితే, తీసేటప్పుడు పక్కనున్న సోల్డర్ ముక్కేదో ఊడిందన్నమాట, ఆ చోటు శుభ్రంగా కడిగి మళ్లీ చూడాలి. రెండూ షార్టే చూపిస్తే ఇంకోటి మిగిలి ఉంది. వోల్టేజి దెబ్బ తిన్న బోర్డులో టీవీఎస్ డయోడూ ఒక మాస్‌ఫెట్టూ కలిసే పోవడం మామూలే.

ఒకే లైనులో పదుల కొద్దీ ఉన్న చిన్న కెపాసిటర్లలో ఒకటి లేకపోయినా బోర్డు సాధారణంగా నడుస్తుంది. అయినా అదే విలువది, అంతకు తగ్గని వోల్టేజిది వేయాలి. మాస్‌ఫెట్ విషయంలో ఆ ఉదారత పనికిరాదు. దాన్ని నడిపే ఐసీ పోయినందువల్ల అది పోయి ఉంటే, కొత్తది ఆన్ చేసిన మరుక్షణం దాన్నీ మింగేస్తుంది. అందుకే మొదటిసారి అడాప్టర్ గుచ్చకుండా, డీసీ సప్లైనే 19 వోల్టులకు పెట్టి, కరెంటు పరిమితి 1 ఆంపియరు దగ్గర ఉంచి ఆన్ చేస్తారు. పవర్ బటన్ నొక్కకముందు బోర్డు కొద్ది పదుల మిల్లీఆంపియర్లు మాత్రమే తీసుకుంటుంటే అప్పుడు బటన్ మీద వేలు పెట్టొచ్చు. సప్లై పరిమితికి తగిలి వోల్టేజి కుప్పకూలితే, ఆల్కహాల్ సీసా ఇంకా మూత పెట్టలేదు కదా, మళ్లీ తీయాల్సిందే.